డిశ్చార్జి తర్వాత ఏమయ్యారో చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,



మిమ్మల్నిద్దరినీ అడగాలనుకున్నది ఒక్కటే. నిరుడు మన ప్రభుత్వ ఆస్పత్రుల డి-అడిక్షన్ వార్డుల్లో చేరి ఇంటికెళ్లినవాళ్లలో ఇవాళ్టికి తాగకుండా ఉన్నదెందరు? తగ్గించుకున్నదెందరు? మళ్లీ మొదటికొచ్చిందెందరు? అసలు బతికున్నదెందరు?

ఎందరు చేరారన్న లెక్క మీ దగ్గర ఉంటుంది. పడకలెన్ని, ఓపీ ఎంత, అవగాహన ర్యాలీలెన్ని జరిగాయి, ఎంతమంది పిల్లలతో ప్రతిజ్ఞ చేయించారు, అన్నీ ఉంటాయి. అసెంబ్లీలో ఎవరో ఒక సభ్యుడు లేచి అడిగితే ఆ కాగితం పది నిమిషాల్లో మీ చేతికొస్తుంది. నేనడుగుతున్న కాగితం మాత్రం రాదు. ఎందుకు రాదో నాకు కొంత తెలుసు. ఒక జిల్లా కేంద్రంలో అలాంటి వార్డులోనే చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను.

మా వార్డు రిజిస్టరు పొడవాటి లెడ్జరు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, రోగం, వెళ్లిన తేదీ, చివర్న ఫలితం. ఆ చివరి గడిలో పేజీలకు పేజీలు ఒకటే మాట: ‘ఇంప్రూవ్డ్’. రాసేవాళ్లకు విసుగొచ్చినచోట పైదాని కింద రెండు చుక్కలు పెట్టి వదిలేసేవాళ్లు. అందులో అబద్ధమేం లేదు. మనిషిని పదిహేను రోజులు వార్డులో ఉంచి, వణుకు తగ్గడానికి మాత్రలిచ్చి, థయామిన్ ఇంజెక్షన్లు చేసి, వేళకింత అన్నం పెడితే ఎవరైనా తేరుకుంటారు. డిశ్చార్జి నాటి ముఖం చూసుకుని ఇంటివాళ్లు మురిసిపోతారు. వైద్యం ఫలించిందో లేదో తేలేది ఆ గేటు దాటాకే. దాన్ని రాసుకోవడానికి మా లెడ్జర్లో గడి లేదు.

డిశ్చార్జి కాగితం సంగతి కూడా చెప్పాలి. కింద ఒక మూల ‘రివ్యూ ఎస్‌ఓఎస్’ అని ఉండేది. అంటే అవసరమైతే రమ్మని. ఒకామె భర్తకిచ్చిన మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంటూ నన్నడిగింది: “అవసరమైతే అంటే ఎప్పుడు మేడం? తాగినాకనా, తాగకముందా?” వాళ్ల ఊరు బస్సులో రెండు గంటల దూరం. అతను రంగులు వేసే పని. ఆస్పత్రికొస్తే ఆరోజు కూలి పోతుంది, ఇద్దరి చార్జీలూ చేతినుంచే పెట్టుకోవాలి. తాగకముందే అవసరం వస్తుందని తెలిసినా వాళ్లు రాలేరు. తాగాక సిగ్గుతో రారు. పద్ధతిగా చేయాలంటే మేమే ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయడం ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు.

ఇదే ప్రభుత్వంలో మరో శాఖ లెక్కలు చూడండి. ఆంధ్రలో 2024 అక్టోబరులో 3,396 మద్యం షాపులకు లాటరీ పెడితే దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. షాపు వచ్చినా రాకపోయినా తిరిగిరాని ఫీజు దరఖాస్తుకు 2 లక్షలు. సుమారు 1,800 కోట్లు ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు చేరాయి. 99 రూపాయల క్వార్టర్ కూడా అప్పుడే వచ్చింది. తెలంగాణలోనూ దరఖాస్తు ఫీజు వేలకోట్లు తెచ్చిపెట్టింది. సీసా మూత మీద హోలోగ్రామ్ ఉంటుంది. ఏ డిపో నుంచి ఏ షాపుకు పోయిందో ఎక్సైజు శాఖ చెప్పగలదు. సీసాను అంత శ్రద్ధగా వెంటాడే ప్రభుత్వం, దాన్ని మానాలని వచ్చిన మనిషిని గేటు దగ్గరే వదిలేస్తోంది. మద్యనిషేధం పెట్టమని నేనడగడం లేదు. దూబగుంట ఆడవాళ్ల పోరాటం 1993 అక్టోబరులో సారాను ఆపించింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ వాదన వేరు, ఈ ఉత్తరం వేరు.

ఈ లెక్క మీద ఇంత పట్టు ఎందుకంటే, తాగుడు వైద్యం గురించి ప్రపంచంలో జరిగిన మంచి పరిశోధన అంతా ఇలా వెంటపడి రాబట్టిన లెక్కల మీదే నిలబడింది. ఆ లెక్కలు చెప్పినవి చాలావరకు మనం చేస్తున్నదానికి విరుద్ధంగా ఉన్నాయి.

1977లో లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఆర్ఫర్డ్ బృందం ఒక పని చేసింది. తాగుడు సమస్యతో వచ్చిన 100 మంది పెళ్లయిన మగవాళ్లను రెండుగా విడదీసింది. ఒక సగానికి అప్పటికి అందుబాటులో ఉన్న వైద్యమంతా చేశారు. రెండో సగానికి, భార్యను కూడా పక్కన కూర్చోబెట్టి, ఒక్కసారి వివరంగా మాట్లాడి, బాధ్యత మీదేనని చెప్పి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టర్లకు అది మింగుడుపడని ఫలితం. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో 1,726 మంది మీద ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ అని ఇంకా పెద్ద అధ్యయనం జరిగింది. మూడు రకాల కౌన్సెలింగ్‌లో ఏ మనిషికి ఏది సరిపోతుందో తేలుస్తామనుకున్నారు. మూడూ ఇంచుమించు సమానంగానే పనిచేశాయి. మా పద్ధతే గొప్పదని బోర్డులు రాయించుకునేవాళ్లు ఈ రెండూ చదివితే బాగుండును.

మరి తేడా తెచ్చేది ఏమిటి? చాలాసార్లు, వైద్యం ఏమిటన్నదానికంటే ఎంతకాలం వెంట ఉన్నారన్నది. 2000లో టామ్ మెక్‌లెల్లన్, మరో ముగ్గురు కలిసి ‘జామా’ పత్రికలో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేది. మత్తు అలవాటుకు వైద్యం చేయించుకున్నవాళ్లలో ఏడాదిలోగా మళ్లీ మొదలుపెట్టేవాళ్లు 40 నుంచి 60 శాతం. బీపీ, ఆస్తమా రోగుల్లో ఏడాదిలోగా జబ్బు తిరగబెట్టేవాళ్లు 50 నుంచి 70 శాతం. మాత్రలు ఆపేశాక బీపీ పెరిగితే మాత్రలు దండగ అనం, ఆపొద్దంటాం. తాగుడు దగ్గరికొచ్చేసరికి మాత్రం “ఇంత ఖర్చుపెట్టి బాగుచేయిస్తే బుద్ధి మారలేదు” అంటాం. ఇంట్లోవాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు. వార్డులో స్టాఫ్ కూడా “మళ్లీ వచ్చాడు చూడండి వీడు” అంటుంటే విన్నాను. షుగరు పెరిగి మళ్లీ చేరినవాణ్ణి ఎవరూ అలా అనరు.

వెంట ఉంటే ఏమవుతుందో చూపించినవాళ్లు, తమాషాగా, డాక్టర్లే. అమెరికాలో తాగుడుకో మత్తుకో అలవాటుపడిన డాక్టర్లకు రాష్ట్రాలవారీగా ప్రత్యేక కార్యక్రమాలున్నాయి. వైద్యం అయ్యాక ఐదేళ్లపాటు చెప్పాపెట్టకుండా మూత్రపరీక్షలు చేస్తారు. దొరికితే లైసెన్సు పోయే ప్రమాదం. తోటి డాక్టర్ల బృందం కనిపెట్టుకుని ఉంటుంది. 16 రాష్ట్రాల్లో 904 మంది డాక్టర్లను ఇలా గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. చికిత్స పూర్తిచేసి పర్యవేక్షణలో తిరిగి ప్రాక్టీసు మొదలుపెట్టినవాళ్లు 647 మంది. ఐదేళ్లలో వాళ్లలో పరీక్షకు దొరికింది 19 శాతమే. మిగతా 81 శాతం ఐదేళ్లూ పట్టుబడలేదు. తాగుడు మాన్పించడం అయ్యేపని కాదనేవాళ్ల నోరు మూయించే అంకె అది. పోగొట్టుకోవడానికి మంచి ఉద్యోగం ఉన్నవాళ్లు కాబట్టి సరిపోయిందనే వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ తేడా అంతా అక్కడే లేదు. డాక్టరుకు ఐదేళ్లు వెన్నంటి ఉన్నారు. మన రంగులేసే మనిషికి పదిహేను రోజుల పడక, ఒక ‘ఎస్‌ఓఎస్’.

మన దేశం లెక్కలకొస్తే, ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ డ్రగ్ డిపెండెన్స్ ట్రీట్‌మెంట్ సెంటర్ చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో తాగేవాళ్లు 16 కోట్లు. వాళ్లలో తాగుడువల్ల సాయం అవసరమయ్యే స్థితికి చేరినవాళ్లు 5.7 కోట్లు. మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక సాయం అందిందని చెప్పింది 38 మందిలో ఒక్కరు. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. మనం ప్రారంభోత్సవాలు చేసే పడకలన్నీ ఆ ఒక్కరి కోసమే. మిగిలిన 179 మంది ఆ వార్డు గడప తొక్కనే లేదు.

అంత ముదరకముందే, వార్డుదాకా రానివాళ్లను అందుకోవడానికి గోవాలో జరిగిన పని గురించి కొంచెం ఓపిగ్గా వినండి. విక్రమ్ పటేల్, అభిజిత్ నాద్కర్ణి, సంగత్ అనే సంస్థ కలిసి అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. దగ్గుకో, నొప్పులకో వచ్చిన మగవాళ్లను తాగుడు గురించి పది ప్రశ్నలడిగారు. ప్రమాదకరంగా తాగుతున్నారని తేలిన 377 మందిని రెండుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం, కొంచెం మెరుగుపరిచి. రెండో గుంపుకు దానితోపాటు కౌన్సెలింగ్, మహా అయితే నాలుగుసార్లు. చేసినవాళ్లు సైకియాట్రిస్టులు కాదు, సైకాలజీ చదివినవాళ్లూ కాదు. ఊళ్లోవాళ్లకు శిక్షణనిచ్చి తయారుచేశారు. రోగి రాలేకపోతే వాళ్లే ఇంటికెళ్లారు.

మూడు నెలల తర్వాత, ప్రమాద స్థాయి నుంచి బయటపడినవాళ్లు మామూలు వైద్యం గుంపులో 26 శాతం, కౌన్సెలింగ్ గుంపులో 36 శాతం. గత రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు ఒకవైపు 18 శాతం, ఇంకోవైపు 42 శాతం. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే తేడా చెరిగిపోలేదు సరికదా, పెరిగింది: ప్రమాద స్థాయి నుంచి బయటపడినవాళ్లు ఒకవైపు 32 శాతం, ఇంకోవైపు 54 శాతం. ఇది ‘లాన్సెట్’లో 2017లో అచ్చయింది, ఏడాది తర్వాతి ఫలితం అదే ఏడు మరో పత్రికలో. విదేశం కాదు, వేరే వాతావరణం కాదు, మన పీహెచ్‌సీల్లాంటి పీహెచ్‌సీలే.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది. పనిచేయని చోటును కూడా వాళ్లు దాచలేదు. మూడు నెలల దగ్గర, ఇంకా తాగుతున్నవాళ్లు తాగే మోతాదులో తేడా కనిపించలేదు. భార్యల మీద హింసలోనూ కనిపించలేదు. మానేస్తే కొట్టడం కూడా దానంతటదే ఆగుతుందని మనం ఆడవాళ్లకు చెప్పి పంపుతుంటాం. వార్డులో నేనూ చెప్పేదాన్ని, అందరూ చెప్పేదే. ఆ మాట ఆధారంతో చెప్పాలంటే ఇంకా లెక్కలు కావాలి. ఇంకో హద్దు: ఆ 377 మందిలో బాగా ముదిరినవాళ్లు లేరు. పొద్దున్నే చేతులు వణికి, తాగితే తప్ప పళ్లు తోముకోలేని స్థితి వచ్చినవాళ్లకు నాలుగు మాటలు సరిపోవు. వాళ్లకు పడకా కావాలి, మందులూ కావాలి. ఆ మందులూ మంత్రం వేసినట్టు పనిచేయవు. నాల్ట్రెక్సోన్ మాత్ర 12 మందికిస్తే, మళ్లీ విపరీతంగా తాగే స్థితికి పడిపోకుండా అదనంగా ఆగేది ఒక్కరు. అయినా ఆ ఒక్కరి ఇల్లు నిలబడుతుంది కదా, ఇవ్వాల్సిందే.

ముదిరినవాళ్ల మాట వచ్చింది కాబట్టి తెలంగాణ మంత్రిగారికి ప్రత్యేకంగా ఒకటి. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీకల్లు మీద దాడులు జరిగినప్పుడు ఏమైందో గుర్తుచేసుకోండి. రోజూ తాగే జనానికి ఉన్నట్టుండి ఆ మత్తు అందలేదు. మనుషులు ఎటు చూస్తున్నారో, ఏం మాట్లాడుతున్నారో తెలియని స్థితిలో, ఫిట్లతో, మంచానికి కట్టి తెచ్చినవాళ్లతో ఆస్పత్రులు నిండిపోయాయి. ప్రాణాలూ పోయాయి. కల్తీని పట్టుకోవద్దని ఎవరంటారు? కానీ అల్ప్రాజోలంకు అలవాటుపడిన ఒంట్లోంచి దాన్ని వారాల మీద మెల్లగా తగ్గించాలి. ఎక్సైజు వ్యాను ఊళ్లోకి వెళ్లే రోజునే ఆ మండలం పీహెచ్‌సీకి మందులు, డాక్టరు వెళ్లాలి. ఇప్పుడు ఒక శాఖ దాడి చేస్తుంది, ఇంకో శాఖకు తెలియదు. 2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్‌తో షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు అదే దృశ్యం. అదే ఏడాది జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. సరఫరా ఆపడాన్నే వైద్యం అనుకుంటే జరిగేది ఇదే.

గంజాయి మీద మీ ప్రభుత్వాలు ఈగల్ బృందాలు పెట్టాయి, టోల్‌ఫ్రీ నంబర్లు ఇచ్చాయి. మంచిదే. పట్టుబడిన కుర్రాడు స్వచ్ఛందంగా ముందుకొచ్చి వైద్యం చేయించుకుంటే, చిన్న మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిచ్చే 64ఎ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉందని ఆ కుర్రాడికి చెప్పేవాళ్లెవరూ నాకు తారసపడలేదు. ప్రెస్‌మీట్లో టేబుల్ మీద పొట్లాలు పేర్చినప్పుడు పక్కన ఈ ముక్క కూడా చెప్పవచ్చు.

ఇక ప్రైవేటు సెంటర్లు. నగర శివార్లలో, అద్దె ఇళ్లలో నడిచే కొన్నింటికి వెళ్లాను. ఒకదాంట్లో కిటికీలకు రెండు వరసల గ్రిల్, బయటనుంచి గొళ్లెం. లోపల ముప్పైమందికి ఒక బాత్‌రూమ్. డాక్టరెక్కడంటే వారానికోసారి వస్తారన్నారు. గోడమీద ‘90 శాతం సక్సెస్’ అని ఫ్లెక్సీ. ఆ 90 ఎలా వచ్చిందని మేనేజరునడిగితే నవ్వి టీ తెప్పించాడు. ఎలా వస్తుందో నేను చెబుతాను. వందమంది చేరారనుకోండి. కోర్సు పూర్తిచేసింది అరవై. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేస్తే ఎత్తింది ఇరవై. మానేశామని చెప్పింది పద్దెనిమిది. ఇరవైలో పద్దెనిమిది, తొంభై శాతం! పద్ధతి తెలిసినవాళ్లయితే వందలో పద్దెనిమిది అని రాస్తారు, జాడలేనివాళ్లను మళ్లీ తాగినవాళ్ల కింద లెక్కేస్తారు. కఠినంగా అనిపించవచ్చు. కానీ బాగున్నవాళ్లకు ఫోన్ ఎత్తడానికి అభ్యంతరముండదు, తప్పించుకునేది ఎక్కువగా జారినవాళ్లే.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం డి-అడిక్షన్ సెంటర్లు కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నేరం. డిశ్చార్జి చేసేముందు తర్వాతి వైద్యం గురించి రోగితో, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడాలని 98వ సెక్షన్ చెబుతుంది. ‘రివ్యూ ఎస్‌ఓఎస్’ ఆ సెక్షన్‌కు సరిపోతుందని మీ న్యాయ సలహాదారులు అంటారేమో అడిగి చూడండి.

ఇంతకీ చేయమంటున్నది పెద్ద ఖర్చు కాదు. డిశ్చార్జి అయిన ప్రతి మనిషికీ నెలకు, మూడు నెలలకు, ఆర్నెల్లకు, ఏడాదికి వార్డు నుంచి ఫోన్ వెళ్లాలి. దానికి జిల్లాకొక మనిషిని పెట్టండి. ఫోన్లో రోగితోపాటు ఇంట్లో ఇంకొకరితో కూడా మాట్లాడాలి. నాకు అనుభవమే, “పూర్తిగా మానేశాను మేడం” అని అతనంటుంటే వెనకనుంచి “ఏదీ, ఇటివ్వు ఫోను” అని ఆవిడ గొంతు వినపడేది. తాగాడా లేదా అన్నదొక్కటే అడగొద్దు. నెలలో ఎన్నిరోజులు పనికెళ్లాడు, కూలి డబ్బులు ఇంటికొచ్చాయా, మళ్లీ ఆస్పత్రిపాలయ్యాడా, ఇంట్లో కొట్టడం ఆగిందా. రోజూ తాగేవాడు వారానికోసారికి దిగితే అది కూడా రాయాలి, దాన్ని ఓటమి కింద వేయొద్దు.

వార్డుకు రానివాళ్ల కోసం కొత్త ఫారం కూడా అక్కర్లేదు. ముప్పై దాటినవాళ్ల దగ్గర బీపీ, షుగరు ముప్పు లెక్కకట్టడానికి కేంద్రం ఆశా కార్యకర్తల కోసం తయారుచేసిన పత్రంలో రోజూ మద్యం తాగుతారా అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. అవునంటే ఒక మార్కు వేస్తారు. ఆ మార్కు తర్వాత ఏంచేయాలో ఎవరూ చెప్పలేదు. పల్లె దవాఖానాలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉన్న స్టాఫ్‌కు గోవా పద్ధతిలో శిక్షణనిచ్చి, ఆ మార్కు పడ్డవాళ్లతో నాలుగుసార్లు మాట్లాడించండి. ముందు రాష్ట్రానికి ఒక్క జిల్లాలో చేసి, ఏడాది ఆగి, పక్క జిల్లాతో పోల్చి చూడండి. పనిచేయకపోతే ఆపేయవచ్చు, అప్పుడైనా ఒక సంగతి తెలుస్తుంది.

వచ్చిన అంకెలు ఏటా అచ్చువేయండి. ప్రభుత్వ వార్డులవి, ప్రైవేటు సెంటర్లవి, ఒకే పట్టికలో, చేరినవాళ్లందర్నీ లెక్కలోకి తీసుకుని, జాడ తెలియనివాళ్ల గడి విడిగా చూపిస్తూ. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు అది షరతు చేస్తే ఫ్లెక్సీలు వాటంతటవే దిగుతాయి. మొదటి ఏడాది మీ వార్డుల అంకె 25 శాతమే రావచ్చు. ప్రతిపక్షం ఎగతాళి చేయవచ్చు, పేపర్లు హెడ్డింగులు పెట్టవచ్చు. అయినా వేయండి.  ఆ అంకె చేతిలో ఉంటేనే, రెండో ఏడాది ఏ జిల్లా వార్డు ఫోన్లు చేసింది, ఏది చేయలేదు, ఎక్కడ డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది అని అడగడానికి మీకైనా మాకైనా వీలవుతుంది.

ఈ ఉత్తరానికి జవాబుగా పడకల సంఖ్య పంపకండి. అది మా దగ్గర ఉంది.

ఇట్లు,
జిల్లా ఆస్పత్రి డి-అడిక్షన్ వార్డు మాజీ కౌన్సెలర్